నిండుగా కనపడాలన్నారు

బ్యూటీపార్లర్లో పనిచేసే మనిషికి కోపం పనికిరాదని నాకు ఈ పని నేర్పినావిడ మొదటిరోజే చెప్పింది. చెయ్యి మెత్తగా ఉండాలి, మొహం నవ్వుతూ ఉండాలి, కస్టమర్ ఏమన్నా ‘అలాగే మేడమ్’ అనాలి, అంతేనంది. చెయ్యి మెత్తబడింది. నవ్వూ అలవాటైంది. కోపం మాత్రం ఎన్నేళ్ళు పనిచేసినా పోలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగి, పని మానేసి, ఇంట్లో కూర్చున్నాక కూడా, మధ్యాహ్నం ఫ్యాను కింద నడుం వాల్చినప్పుడు ఒక్కోసారి ఆ రోజు గుర్తొస్తుంది. ఇక నిద్ర పట్టదు. లేచి కూర్చుంటాను.

మా వీధిలో ఈ పని నేర్చుకుంటున్న అమ్మాయిలు కొందరున్నారు. సాయంత్రాలు వచ్చి, “ఆంటీ, మీరు మర్చిపోలేని కస్టమర్ ఎవరు?” అని అడుగుతారు. ఏదో పెళ్ళికూతురి కథ చెబుతానని వాళ్ళ ఆశ. పెళ్ళికూతుళ్ళు నాకు ఒక్కరూ గుర్తులేరు. గుర్తున్నది ఒక ప్రెసిడెంటు గారు. ఊరి సర్పంచ్‌ని మా వైపు ప్రెసిడెంటనే అంటాం. ఆవిడ కథ చెబుతాను, వినండి. ఇందులో అందం తక్కువ, చిరాకు ఎక్కువ. మీకు నచ్చకపోతే లేచి వెళ్ళొచ్చు.

నేను గుంటూరులో పార్లర్ పనిలో చేరింది తొంభైల చివర్లో. అప్పటికి ఊళ్ళో పార్లర్‌కి వెళ్ళడమంటే ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళాల్సిన పని. ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి అత్తలే కోడళ్ళని వెంటబెట్టుకొచ్చే రోజులొచ్చాయి. మా ఓనరు మేడమ్ తెలివైనావిడ. మేడ మీద రెండు గదుల్లో మొదలుపెట్టి, మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల దాకా తెచ్చింది. మాట తియ్యన. ఎవరు వచ్చినా వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకంటే ముందు తనే చెప్పేసేది. నేను అక్కడ సీనియర్ని. నాతోపాటు ఇంకో అమ్మాయి పనిచేసేది. నాకంటే పదేళ్ళు చిన్నది. హైదరాబాదు వెళ్ళి జుట్టు పని నేర్చుకొచ్చింది. ఎంత వేగమో ఆ పిల్ల చేతులకి! రోలర్లు చుడుతుంటే పక్క కుర్చీలోవాళ్ళు తమ పని మర్చిపోయి చూసేవాళ్ళు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారియర్లోంచి తినేవాళ్ళం. మా ఇంటి గోంగూర అంటే ప్రాణం పెట్టేది.

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ఏడాది అది. ఫ్లెక్సీలు అప్పుడప్పుడే ఊళ్ళల్లోకి వస్తున్నాయి. వానలు మొదలయ్యాయిగానీ ఉక్కపోత తగ్గలేదు. ఒకరోజు పొద్దున్నే ఒకాయన, ఆయన భార్య కారు దిగారు. చిలకలూరిపేట రోడ్డు మీద ఉన్న ఊరు వాళ్ళది. పత్తి, మిరప వేస్తారు, ఊళ్ళో పురుగుమందుల కొట్టు కూడా ఉంది. ఆ ఊరి ప్రెసిడెంటు సీటు ఆడవాళ్ళకి వచ్చింది. ఆయన భార్యని నిలబెడుతున్నాడు.

ఆడవాళ్ళ పార్లర్‌లోకి మగవాళ్ళు రాకూడదని తలుపు మీద రాసి ఉంది. ఆయన చదివాడు, లోపలికి వచ్చాడు. మేడమ్ కూడా, “పర్లేదు సార్, రండి” అంది. ఆయన జేబులోంచి పేపర్ ముక్క తీశాడు. ఎవరో పెద్ద నాయకురాలి ఫోటో. జుట్టు నుదుటి మీదనుంచి ఎత్తుగా లేచి, కిరీటంలా ఉంది.

“ఇట్టా ఉండాల. ఫ్లెక్సీ ఏయిస్తన్నాం. దూరం నుంచి చూసినా మనిషి నిండుగా కనపడాల. మా ఆవిడ జుట్టు పొడుగేగానీ, ఇదుగో, చూడండి, నెత్తికి అతుక్కుపోయి ఉంటది. ఫోటోలో తల లేనట్టే ఉంటంది” అన్నాడు.

ఆవిడ ఆయన పక్కనే నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. ఎండకి కమిలిన చేతులు, చక్కటి నేత చీర. జడ నడుం దాటింది. ఆవిడ గురించి ఆయన మాట్లాడుతుంటే ఆవిడ గోడ మీద అద్దంలో రోడ్డు చూస్తోంది.

“మీకెలా కావాలండీ?” అని నేను ఆవిడని అడిగాను.

జవాబు ఆయనే చెప్పాడు. “చెప్పాగదమ్మా, ఇట్టా.”

అప్పుడు మొదలైంది నా కోపం. ఆయన చెడ్డవాడని కాదు. మాకందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. పనిచేసే పిల్లల్ని ‘అమ్మా’ అని పిలిచాడు. భార్యని కసురుకోలేదు. చెడ్డవాడై ఉంటే నా కోపం సులువుగా ఉండేది. ఇద్దరం తిట్టుకునేవాళ్ళం, అయిపోయేది.

ఆయన్ని బయట సోఫాలో కూర్చోబెట్టి ఆవిడని వెనక తల కడిగే గదిలోకి తీసుకెళ్ళాను. జడ విప్పాను. జుట్టు సన్నం, పట్టుదారంలా ఉంది. పాపిడి దగ్గర పలచబడి చర్మం కనిపిస్తోంది. వేళ్ళు తలకి తగిలాయో లేదో, ఆవిడ భుజాలు రెండూ పైకి లేచాయి.

“నొప్పా అండీ?”

“నొప్పి కాదమ్మాయ్, మంట. ఏం తగిలినా మంటే. నువ్వు కానియ్యి, ఓర్చుకుంటాలే.”

“ఎన్నాళ్ళనుంచి?”

ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఎదుటి మనిషి మొహం కనపడకపోతే ఆడవాళ్ళు ఆ కుర్చీలో చాలా మాట్లాడతారు. మీకూ తెలుస్తుంది ముందు ముందు.

“పత్తికి మందు కొట్టేటప్పుడు, కలిపిన మందు బిందెతో చేలోకి నేనే మోసేదాన్ని. కూలోళ్ళు దొరకని రోజులు. ఆ రోజు బిందెకి చిల్లు పడింది, చూసుకోలా. నెత్తిన చుట్టకుదురు నానిపోయింది. నీళ్ళేగదా అనుకున్నా. గట్టు దాకా పోయేతలికి నిప్పులు పోసినట్టయింది. తోలు ఊడొచ్చింది. మళ్ళా జుట్టు వచ్చిందిగానీ ఇదుగో, ఇట్టా వచ్చింది.”

“డాక్టర్‌కి చూపించారా?”

“చూపిచ్చాంగా. రంగులు, ఘాటు సబ్బులు, మందులు ఏయీ నెత్తికి తగలనీయొద్దన్నాడు. మా ఆయన ఎదురుగానే చెప్పాడు. మర్చిపోయుంటాడు.”

ఆ ‘మర్చిపోయుంటాడు’ అన్న మాటలో ఏ నిష్ఠూరమూ లేదు. సంచీ కారులో మర్చిపోయాడన్నంత మామూలుగా అంది. నాకే ఒళ్ళు మండింది.

పసిపిల్లలకి వాడే షాంపూ నీళ్ళలో బాగా కలిపి, గోళ్ళు తగలకుండా, చల్లటి నీళ్ళతో కడిగాను. తువ్వాలుతో రుద్దలేదు, అద్దానంతే. తల ముందుకి వంచమని, వేడి లేని గాలితో వేళ్ళ సందుల్లోంచి ఆరబెట్టాను. ఇన్నేళ్ళూ ఒకే చోట తీసిన పాపిడిని రెండు వేళ్ళు పక్కకి జరిపాను. అలవాటు లేని వైపు పడిన జుట్టు దానంతటదే కొంచెం లేచి నిలబడుతుంది. వెనక జడ బిగించకుండా వదులుగా అల్లాను. ఇలాంటి తలకి అంతకు మించి చెయ్యకూడదు. చివర్లు ఓ జానెడు తీసేస్తే బరువు తగ్గి ఇంకాస్త లేచేది. ఆవిడ సరేనంది. బయటినుంచి ఆయన విని, “కత్తెర మాత్రం పెట్టొద్దమ్మా! ఉన్న జుట్టు ఊడగొడితే ఇంకేముంది?” అని కేకేశాడు.

పని చేస్తున్నంతసేపూ ఆవిడ నెమ్మదిగా కబుర్లు చెప్పింది. నిలబడమన్నది ఆయనేనట. “కానీ నాకూ ఇష్టమే అమ్మాయ్. మా ఊళ్ళో మిరపకోతలకి బయటినుంచి కూలోళ్ళొస్తారు. మందు డబ్బాలు ఖాళీ అయితే కడుక్కుని, వాటిల్లో మంచినీళ్ళు పోసుకు తాగుతారు. పిల్లకాయలు కూడా. ఎన్నిసార్లు చెప్పినా ఇనరు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, బిందెలు మోసుకురాలేరుగా. ప్రెసిడెంటునైతే ఆ డబ్బాలు చేలో ఉండనీను. చేల దగ్గరికి ట్యాంకరు తెప్పిస్తా.”

“ఆ డబ్బాలు ఎవరి కొట్టులోవి?” అని అడిగాను. అడక్కూడదేమోగానీ నోరు ఊరుకోలేదు.

ఆవిడ నవ్వింది. “మాయే.”

అద్దం ముందు కూర్చోబెట్టాక తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “బాగుందమ్మాయ్. హాయిగా ఉంది” అంది. నేను ఆ ఒక్క మాటతో ఆ రోజంతా గడిపేసేదాన్ని. కానీ ఆయన లోపలికి వచ్చాడు. పేపర్ ముక్క అద్దం పక్కన పెట్టి, దాన్నీ, ఆవిడ్నీ మార్చి మార్చి చూశాడు.

“ఏంది తేడా? పొద్దున ఎట్టా ఉందో అట్టానే ఉంది.”

“తలకి పుండు మానిన చర్మం ఉంది సార్. అంతకంటే చేస్తే మంట పుడుతుంది” అన్నాను.

“ఎలర్జీలే అమ్మా, ఎప్పుడో పోయింది” అన్నాడాయన.

మేడమ్ మధ్యలోకి వచ్చింది. “రేపు రండి సార్. స్పెషల్ ట్రీట్‌మెంట్ ఉంది. కుదుళ్ళ దగ్గరనుంచి లేచి నిలబడుతుంది, నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎలక్షన్ అయ్యేదాకా మీకు దిగులుండదు.”

వాళ్ళు వెళ్ళాక మేడమ్‌తో గొడవపడ్డాను. స్పెషల్ ట్రీట్‌మెంట్ అంటే జుట్టు మొదళ్ళ దగ్గర రోలర్లు చుట్టి, వంకీలు అలాగే నిలిచిపోవడానికి పెర్మింగ్ మందు పొయ్యడం. మామూలు తల మీద పోసినా కళ్ళు మండే మందు అది. ఎవరికైనా ముందు చెవి వెనక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూసి, అప్పుడు చెయ్యాలి. ఆవిడకి ఆ చుక్క కూడా రాయకూడదని చెప్పాను. బిందె సంగతీ, డాక్టర్ సంగతీ చెప్పాను.

“నీకు కొత్త పనులంటే భయం” అంది మేడమ్. “ఆయన గెలిస్తే మండలంలో సగం పెళ్ళిళ్ళు మనకొస్తాయి.”

“గెలిచేది ఆవిడ కదా మేడమ్?”

“ఎవరో ఒకరు.”

మర్నాడు ఫోటో స్టూడియో అబ్బాయిని కూడా వెంటబెట్టుకొచ్చాడు ఆయన. నామినేషన్ దగ్గరపడింది, సాయంత్రానికి ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి వెళ్ళాలి. నేను ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళబోతుంటే మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని, “లోపల ఫేషియల్‌కి వచ్చారు, నువ్వు చూడు” అంది. ఆవిడని నా తోటి అమ్మాయికి అప్పజెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల చెవిలో అన్నాను, “ఆ తలకి మందు తగలనీయకు, మంట పుడుతుంది, నీకు దణ్ణం పెడతా” అని. ఆ పిల్ల తల ఊపింది. ఎందుకు ఊపిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఫేషియల్ సగంలో ఉండగా వాసన వచ్చింది. పెర్మింగ్ మందు వాసన దగ్గర ఎవరూ పొరపడరు. ముక్కులోంచి నెత్తికెక్కుతుంది. నేను చేతులకున్న క్రీముతో అలాగే బయటికి వచ్చాను.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే నేను ఇంకా ముందే వచ్చి ఉండేదాన్ని. తల నిండా రోలర్లు, చుట్టూ దూది, మీద ప్లాస్టిక్ టోపీ. మొహం చెమటతో తడిసిపోయింది. చీర కుచ్చిళ్ళు రెండు పిడికిళ్ళతో గట్టిగా పట్టుకుని ఉంది. కాళ్ళ వేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోయాయి. కళ్ళు ఎదురుగా అద్దంలోంచి సోఫా వైపు చూస్తున్నాయి. అక్కడ ఆయన ఫోన్లో ఎవరితోనో, “వార్డు మెంబర్ల లెక్క నాకొదిలెయ్యరా, నేను చూసుకుంటా గదా” అంటున్నాడు.

నేను టోపీ పీకేశాను. “తియ్యి, తియ్యి ముందు!” అని నా తోటి అమ్మాయి మీద అరిచాను. అది బెదిరిపోయి, “ఇంకా టైం అవలేదక్కా, మధ్యలో తీస్తే జుట్టు చెడిపోద్ది” అంది. జుట్టు సంగతి నాకూ తెలుసు. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, వెనక గదికి తీసుకెళ్ళి, రోలర్లతోనే పంపు కింద పెట్టాను. నీళ్ళు పడ్డాక, అప్పుడు ఏడ్చింది ఆవిడ. చిన్నపిల్లలా కాదు. దగ్గు వచ్చినట్టు, ఆగి ఆగి.

రోలర్లు ఒక్కొక్కటే తీస్తుంటే పాపిడి పొడుగునా, చెవుల వెనకా చర్మం ఎర్రగా పొంగి ఉంది. మెడ దగ్గర బొబ్బలు లేచాయి.

“ఎందుకు చెప్పలేదండీ మంటని?” అన్నాను. నాకూ ఏడుపొచ్చేస్తోంది.

“చెప్పా. కాసేపు ఓర్చుకోండి మేడమ్ అంది ఆ పిల్ల. ఆయనొచ్చి ఇంకాసేపేగదా అన్నాడు.”

ఇంతలో మేడమ్ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. “గట్టిగా మాట్లాడకు. బయట కస్టమర్లున్నారు” అంది. ఆవిడకి ఎలా ఉందని అడగలేదు. మేడమ్ వెనకే ఆయన తొంగిచూశాడు. భార్య మెడ చూశాడు. మొహం మారింది, అబద్ధం చెప్పకూడదు, నిజంగానే మారింది. కానీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ:

“మరి ఫోటో ఎట్టా?”

అమ్మాయిలూ, మీకు మెత్తగా మాట్లాడమని నేర్పుతారు. నేను ఆ రోజు మాట్లాడిన మాటలు మీకు పూర్తిగా చెప్పను. “ఫోటోకి నువ్వే కూర్చో! నెత్తిన పురుగుమందు పోశావు, అది మానేలోపల ఇంకో మందు పోయించావు. ఇంకేం మిగిలిందయ్యా పొయ్యడానికి?” అన్నాను. ఆ వరకూ చెప్పగలను. మా పార్లర్లో ఏ మగవాడితోనూ, ఏ ఆడదీ అలా మాట్లాడి ఉండదు. ఫేషియల్ చేయించుకుంటున్నావిడ మొహం నిండా క్రీముతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్టూడియో అబ్బాయి కెమెరా సంచీలో పెట్టేసుకున్నాడు.

“నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు” అంది మేడమ్, అంతే తియ్యగా.

“రేపటిదాకా ఎందుకు?” అని ఏప్రాన్ విప్పి సింకులో పడేశాను. ఆవిడ తలకి తడి గుడ్డ చుట్టి, ఆటో ఎక్కించి, చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కారులో వెనకే వచ్చాడు. డాక్టర్ ఆయన్ని అందరి ముందూ కడిగేశాడు. ఆయన తల దించుకుని విన్నాడు. అన్నీ విని, బయటికి రాగానే ఫోన్ తీసి స్టూడియోకి చేశాడు.

ఆ ఫ్లెక్సీని తర్వాత నేను చూశాను. పని వెతుక్కుంటూ చిలకలూరిపేట వెళ్తుంటే బస్సు వాళ్ళ ఊరి దగ్గర ఆగింది. రోడ్డు పక్కనే, రెండు కర్రలకి కట్టి ఉంది. మొహం ఆవిడదే. జుట్టు మాత్రం ఎవరిదో! కంప్యూటర్లో అతికించారు. నుదుటి మీదనుంచి నల్లగా, ఎత్తుగా, కొండలా లేచి ఉంది. కింద పక్కన ఆయన ఫోటో, చేతులు జోడించి, ఆవిడ ఫోటో అంత సైజులో. నా పక్క సీట్లో ముసలాయన ఫ్లెక్సీ చూసి, “ఇదెవరే? ఫలానా వాళ్ళావిడ మల్లేనే ఉందే!” అని ముందు సీటావిడని అడిగాడు. బస్సులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కంప్యూటర్లో అతికించగలిగినప్పుడు ఆ తల మీద మందు పోయించడం ఎందుకు అన్న ఒక్క ప్రశ్న నన్ను పేట దాకా తినేసింది.

ఆవిడ గెలిచింది. కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఇది మీకు వింతగా ఉండొచ్చు, మాకు లేదు. మీటింగులకి ఆయనే వెళ్ళేవాడు. ఆవిడ వెళ్ళిన రోజుల్లో కూడా పక్కన కూర్చుని ఆయనే మాట్లాడేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్నే ‘ప్రెసిడెంటు గారూ’ అనేవాళ్ళు. ట్యాంకరు రాలేదు. డబ్బాలు చేలల్లోనే ఉన్నాయి.

నేను మా ఇంటి ముందు గదిలోనే అద్దం, కుర్చీ పెట్టుకున్నాను. మేడమ్ పార్లర్‌కి ఏమీ కాలేదు. ఇంకో బ్రాంచి కూడా తెరిచింది. నా తోటి అమ్మాయి ఒకసారి కూరల బజార్లో ఎదురైంది. “అక్కా, ఆ రోజు నేను చెయ్యకపోతే నన్ను కూడా తీసేసేవాళ్ళు. మా తమ్ముడి చదువు...” అని మొదలుపెట్టి ఏడ్చింది. దాని ఇబ్బంది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? “నాకు చెప్పకు, వెళ్ళి ఆవిడకి చెప్పు” అన్నాను. చెప్పలేదనుకుంటాను. ఆ తర్వాత మేమిద్దరం ఒకే క్యారియర్లో తిన్నది లేదు. అప్పుడప్పుడూ ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు బాధగా ఉంటుంది, అదీ నిజమే.

మిరపకాయలు యార్డుకి వస్తున్న రోజులు. ఊరంతా ఘాటు, అందరికీ తుమ్ములు. ఒక పొద్దున ప్రెసిడెంటు గారు మా ఇంటికి వచ్చింది. డాక్టర్ దగ్గర నేను చెప్పిన గుర్తులు పట్టుకుని, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కూర్చుని తల మీద కొంగు తీసింది.

మందు సగంలో కడిగేసిన జుట్టు నిలవదని నాకు తెలుసు. కానీ అలా చూస్తాననుకోలేదు. మొదళ్ళ దగ్గర ఎక్కడికక్కడ తెగిపోయి, కొన్ని చోట్ల బెత్తెడు, కొన్ని చోట్ల జానెడు. మిగిలిన నాలుగు పాయలు మాత్రం నడుం దాకా వేలాడుతున్నాయి. వాటినే జడేసి, పైన సవరం పిన్నులతో గుచ్చి, ఇన్నాళ్ళూ మీటింగులకి తీసుకెళ్ళాడట ఆయన. పిన్నులు గుచ్చుకున్నచోట మళ్ళీ పుళ్ళు.

“తీసెయ్ అమ్మాయ్.”

“ఏంటక్కా తీసేది?”

“జుట్టు. మొత్తం ఒక్క తీరుగా కత్తిరిచ్చెయ్. మగపిల్లోడికి కత్తిరిచ్చినట్టు.”

కత్తెర తీసుకున్నానుగానీ చెయ్యి ఆగింది. “అక్కా, బాగా ఆలోచించుకున్నావా? ఊళ్ళో ఏమంటారో. ఆయన...”

“అందరూ ఆలోచిచ్చారుగా నా తల గురించి. ఆయన, మీ మేడమ్, ఫోటో పిల్లోడు. మళ్ళీ నువ్వు కూడానా?”

 కత్తిరించాను. పొడుగు పాయలు ఒక్కొక్కటీ కింద పడుతుంటే ఆవిడ మెడ తేలికపడడం నాకు కనిపించింది. బరువు పోయాక ఆ సన్నటి జుట్టు మెల్లగా లేచింది. మందు లేకుండా, రోలరు లేకుండా, దానంతటదే గుబురుగా నిలబడింది. అద్దంలో చూసుకుని అరచెయ్యి తల మీద ఆనించింది. మొదటిసారి భుజాలు పైకి లేవలేదు.

“గాలి తగులుతుందమ్మాయ్” అంది. అని, కొంగు కప్పుకోకుండానే బస్టాండుకి నడిచి వెళ్ళింది.

తర్వాత జరిగింది, ఆవిడ మళ్ళీ కత్తిరించుకోవడానికి వచ్చినప్పుడు తనే చెప్పింది. ఇంటికి వెళ్ళగానే ఆయన అన్నం ముందునుంచి లేచిపోయాడట. రెండు రోజులు మాట్లాడలేదట. తర్వాత వీధిలో కనపడ్డవాళ్ళందరికీ తిరుపతి మొక్కని చెప్పడం మొదలుపెట్టాడట. అది ఆవిడ చెవిన పడింది. అరుగు మీద నలుగురి మధ్యా ఆయన అదే మాట చెబుతుండగా గుమ్మంలోకి వచ్చి, “మొక్కూ లేదు, తొక్కూ లేదు. తల మండింది, తీయిచ్చుకున్నా” అందట. 

“అప్పట్నుంచి నాతో ఎక్కడికీ రావట్లేదమ్మాయ్! ఈ తలకాయ పక్కన కూర్చోటానికి సిగ్గంట. కారు కూడా ఎక్కడు నాతో. మొన్న మండలాఫీసులో మీటింగు. ‘నువ్వు కూడా పోమాక, ఒంట్లో బాలేదని కబురు చేద్దాం’ అన్నాడు. నేను బస్సెక్కి పోయా.”

“ఒక్కతివే?”

“ఒక్కదాన్నే. పోయి ముందు వరస కుర్చీలో కూర్చున్నా. ఆఫీసరు గారు నన్నొకసారి, నా ఎనకాల గుమ్మాన్నొకసారి చూశాడు. ‘సారు రాలేదా అమ్మా?’ అన్నాడు. ‘ఏ సారండీ?’ అన్నా. ‘అదే, ప్రెసిడెంటు గారు’ అన్నాడు. ‘ప్రెసిడెంటుని నేనేనండీ, రాసుకోండి. మాకు మిరపకోతల్లో చేల కాడికి మంచినీళ్ళ ట్యాంకరు కావాల. మందు డబ్బాలు ఎక్కడెయ్యాలో మీరు చూపిచ్చాల, ఏయించేది నేను చూసుకుంటా’ అన్నా.”

“ఇచ్చారా?”

“ట్యాంకరు ఇస్తానన్నారు. డబ్బాల సంగతి చూద్దామన్నారు. చూద్దాం, ఎన్నాళ్ళు చూస్తారో! మళ్ళీ పోతాగా.”

నాకు నవ్వు ఆగలేదు. ఆ పార్లర్ గుమ్మం దిగినప్పట్నుంచి కడుపులో ఉన్నదంతా ఒక్కసారిగా నవ్వై బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ అద్దంలోంచి నావైపు చూసి కసిరింది.

“ఇకిలింపులు తర్వాత. ముందు ఆ చెవి పక్కన సరిచెయ్. మధ్యాహ్నం మళ్ళీ మీటింగుంది నాకు.”